ఫ్రీజర్‌లో నాన్ ఉంటే

సాయంత్రం ఆరింటికి పిల్లలు ఈత క్లాసు నుంచి ఆకలి ఆకలంటూ వస్తారు. ఆ వేళప్పుడు పిండి కలిపి చపాతీలు వత్తే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? అందుకే మా ఫ్రీజర్‌లో నాన్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది.

ఫ్రీజర్ అన్నాను, ఫ్రిజ్ కాదు. ఫ్రిజ్ చల్లదనానికి మైదాలోని స్టార్చ్ త్వరగా గట్టిపడి నాన్ అట్టలా తయారవుతుంది. ఫ్రీజర్‌లో ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. తీశాక నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, వేడి పెనం మీద మూతపెట్టి ఒక్క నిమిషం ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం వెంటనే తినేయాలి, చల్లారితే సాగుతుంది.

నాన్ అంటే పనీర్ కూరే ఉండాలని లేదు. మా వాళ్లు ముద్దపప్పు, నెయ్యి, కాస్త ఆవకాయతో లాగించేస్తారు. గుడ్డు పొరటు పెట్టి చుట్టిస్తే లంచ్ బాక్స్ అయిపోతుంది. మిగిలిపోయిన నాన్‌ని ముక్కలు చేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో వేసి ఉప్మాలా చేస్తాను. బ్రెడ్ ఉప్మా కన్నా నాకిదే ఇష్టం!

కొనేముందు లేబుల్ చదవండి. కొన్ని రకాల్లో గుడ్డు ఉంటుంది, శాకాహారులు చూసుకోవాలి. సోడియం ఎక్కువుంటే ఆ పూట కూరలో ఉప్పు తగ్గించండి. రోజూ మైదా నేనూ పెట్టను. వారానికి రెండుసార్లు, అదీ పక్కన పెరుగు, కీరా ముక్కలతో.