బీచ్‌లో బ్యాండ్ షూట్.. వీడియో సూపర్, మరి సౌండ్?

నెల్లూరు జిల్లా మైపాడు బీచ్‌లో బ్యాండ్ వాయిస్తోంది. మీ వీడియో చూసే వాళ్లను ఇంకో ప్రోగ్రామ్‌కి పిలవొచ్చు. తీరా వింటే గాలి హోరే! పైగా డ్రమ్ దెబ్బ పడగానే ఫోన్ తనంతట తానే మొత్తం సౌండ్ తగ్గించేస్తుంది.

అందుకే సౌండ్‌ను వేరే రికార్డర్‌లో పట్టాలి. ఆపరేటర్‌ని ముందే అడిగి మిక్సర్ నుంచి లైన్ తీసుకోండి. దాన్ని రికార్డర్ మైక్ ఇన్‌పుట్‌కి పెడితే సౌండ్ పగులుతుంది, లైన్ ఇన్‌పుట్‌కే పెట్టాలి. సౌండ్ చెక్‌లో పెద్ద దెబ్బలు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

అయితే మిక్సర్ లైన్‌లో గొంతే ఎక్కువ వస్తుంది, డ్రమ్స్ పల్చబడతాయి. చప్పట్లు, ఈలలు దాదాపు ఉండవు. అవి లేకపోతే లైవ్ ఏముంది? జనం మధ్య ఇంకో మైక్ పెట్టండి. సముద్రపు గాలికి స్పాంజ్ తొడుగు చాలదు, బొచ్చు తొడుగు ఉండాల్సిందే. స్పీకర్లకు 34 మీటర్ల దూరంలో ఆ మైక్ ఉంటే సౌండ్ సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ఎడిటింగ్‌లో ఆ ట్రాక్‌ని అంత ముందుకు జరపాలి.