12.4 టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్: సందర్శన ప్రణాళిక

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడటానికి సందర్శకులు గడియారం ముందు ముందుగానే చేరి ఎదురుచూస్తుంటారు. బొమ్మ బయటికి వస్తుంది, గంట కొడుతుంది, లోపలికి వెళ్లిపోతుంది. చూసేవారు పదిమంది ఉన్నా వందమంది ఉన్నా అది చేసే పని మారదు. మనకు అలవాటైన మ్యూజియం పద్ధతి ఇదే: వస్తువు అక్కడ, మనం ఇక్కడ, మధ్యలో అద్దమో తాడో. ఈ భాగంలో మీరు పరిశీలించే మ్యూజియంలో ఆ దూరం ఉండదు. సందర్శకుడు కళాకృతి లోపలికే నడిచి వెళ్తాడు. అందువల్ల సందర్శనకు వేసుకునే ప్రణాళిక కూడా వేరుగా ఉంటుంది.

టోక్యో నగరంలోని తొయొసు ప్రాంతంలో 2018 జులైలో ప్రారంభమైన టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. టీమ్‌ల్యాబ్ 2001లో ఏర్పడిన బృందం. కళాకారులతో పాటు ప్రోగ్రామర్లు, ఇంజినీర్లు, గణితవేత్తలు, వాస్తుశిల్పులు ఇందులో కలిసి పనిచేస్తారు. టోక్యోలోనే ఈ బృందానికి బోర్డర్‌లెస్ అనే మరో మ్యూజియం ఉంది. అది ఒడైబాలో 2018లో మొదలై, 2022లో మూతపడి, 2024 ఫిబ్రవరిలో అజబుదై హిల్స్‌లో తిరిగి తెరుచుకుంది. ఒకదానికి టికెట్ కొని రెండోదాని దగ్గరికి చేరుకోవడం చాలా తేలిక. టికెట్ మీద పేరు, చిరునామా రెండూ చదవండి.

12.4.1 కళాకృతి ఎలా పనిచేస్తుంది?

ప్లానెట్స్‌లో ఒక పెద్ద గది నిండా మోకాలి లోతు నీళ్లుంటాయి. ఆ నీటి మీద ప్రొజెక్టర్ల వెలుగుతో కోయి చేపలు ఈదుతుంటాయి. చేప మీ కాలికి తగిలితే పువ్వుగా మారి రేకులు చెదిరిపోతాయి. ఏడాదిలో ఋతువు మారినకొద్దీ ఆ పూలూ మారుతాయి. ఇది ముందే తయారుచేసి పదేపదే వేసే వీడియో కాదు. మనుషులు ఎక్కడ ఉన్నారో గ్రహించి కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆ బొమ్మను అప్పటికప్పుడు గీస్తుంది. కాబట్టి ఒకసారి కనిపించిన దృశ్యం మళ్లీ రాదు.

ఇందులోంచి ప్రణాళికకు పనికొచ్చే రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, ఇది సినిమా ఆట కాదు. మొదలూ ముగింపూ లేవు కనుక గదికి ఇన్ని నిమిషాలని లెక్క కట్టలేం. రెండు, జనం తక్కువగా ఉన్న వేళకే వెళ్లాలన్న సలహా ఇక్కడ సగమే నిజం. వరుసలో నిలబడే బాధ తగ్గే మాట వాస్తవమే గానీ, నీళ్లలో ఎవరూ లేకపోతే పూలు పూయవు. పక్కవారు ఇక్కడ అడ్డంకి కాదు, బొమ్మలో భాగం.

12.4.2 పాదాలు, దుస్తులు, ఆరోగ్యం

నీళ్లున్న విభాగంలో చెప్పులు, మేజోళ్లు లాకర్‌లో పెట్టి వట్టికాళ్లతో నడవాలి. కాళ్లు తడుపుకొని లోపలికి వెళ్లడం గుడి అలవాటున్న మనవారికి కొత్తేమీ కాదు. ఇబ్బందంతా బట్టలతోనే. చీర, పంచె, బిగుతైన ప్యాంటు వద్దు; మోకాలి పైదాకా మడవగలిగేది వేసుకోవాలి. కొన్ని గదుల్లో నేలంతా అద్దమే కాబట్టి పొట్టి గౌను కూడా తగదు.

అంతకన్నా ముఖ్యమైనది ఆరోగ్యం. చీకట్లో మెరిసే వెలుగులు కొందరిలో మూర్ఛను రేపగలవు. ఆ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా బయలుదేరకూడదు. ఒక గదిలో నేల పరుపులా దిగబడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి అక్కడ లేచి నిలబడటమే కష్టం. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాలికి పుండు ఉన్నవారు వట్టికాళ్ల నడక గురించి ముందే ఆలోచించుకోవాలి. చక్రాల కుర్చీతో అన్ని కళాకృతుల దగ్గరికీ వెళ్లే వీలు లేదు. పిల్లల తోపుడుబండి బయటే ఉంచాలి. ఇవన్నీ టికెట్ కొనకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతులు. అక్కడికి వెళ్లాక తెలిస్తే అమ్మమ్మ లాకర్ల దగ్గర ఒంటరిగా కూర్చోవలసి వస్తుంది.

12.4.3 వేళ, టికెట్

టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది. రోజునూ వేళనూ బట్టి ధర మారుతుంది. బయటికి వచ్చాక అదే టికెట్‌తో మళ్లీ లోపలికి పంపరు. యురికమొమె రైలు మార్గంలోని షిన్-తొయొసు స్టేషన్‌లో దిగితే మ్యూజియం పక్కనే. ఫొటోలు తీసుకోవచ్చు గానీ ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్ వాడకూడదు.

వేళను ఎంచుకునేటప్పుడు నాచు తోటను గుర్తుంచుకోండి. అది ఆరుబయట ఉంది. అందులోని గుడ్డు ఆకారపు బొమ్మలు పగలు చుట్టూ ఉన్నవాటిని అద్దంలా చూపిస్తాయి. పొద్దుగూకాక తామే రంగులతో వెలుగుతాయి. రెండూ చూడాలంటే సూర్యాస్తమయం మీ సందర్శన మధ్యలో రావాలి. టోక్యోలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, జూన్‌లో ఏడు అవుతుంది. మరొక మాట: 2025 జనవరిలో ఈ మ్యూజియాన్ని విస్తరించి కొత్త విభాగాలు చేర్చారు. అంతకుముందు వెళ్లివచ్చినవారు చెప్పే గంటల లెక్క ఇప్పుడు చాలదు.

మీ అవగాహనను సరిచూసుకోండి

డిసెంబరులో ఒక కుటుంబం ప్లానెట్స్‌కు వెళ్తోంది. మోకాళ్ల నొప్పులున్న, చీర మాత్రమే కట్టే నాయనమ్మ, మూర్ఛకు మందులు వాడుతున్న కొడుకు, రెండేళ్ల మనవరాలు, కోడలు అందులో ఉన్నారు. ప్రవేశానికి ఏ వేళ సూచిస్తారు? బయలుదేరే ముందు ఎవరిని ఏమి అడగమంటారు? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.