ఆ పోగు లాగొద్దు!

రేపు పొద్దున్నే పెళ్లిచూపులు. బీరువా మీదున్న తివాచీ దించి, దులిపి, హాల్లో నాపబండల మీద పరిచారు. అంతలో పొలం నుంచి వచ్చిన పెద్దాయన చెప్పుకు అంటుకున్న పల్లేరుకాయ ఒకటి దాని మీద రాలింది. పిల్లాడు పీకాడు. కాయతో పాటు ఓ పోగూ లేచింది. వాడు ఊరుకుంటాడా! పట్టుకుని లాగాడు. జానెడు... మూరెడు... ‘లాగాకురా’ అని జేజి అరిచేసరికే నట్టనడుమ చాలు తీసినట్టు గీత పడిపోయింది.

కర్నూలు, కడప ఇళ్లలో తివాచీకి శత్రువులు చాలామందే. పల్లేరుకాయ, ఇనుప మంచం కోడు, కాలిపట్టీల కొక్కెం, పిల్లిగోరు. వీటన్నిటికన్నా పెద్ద శత్రువు మన చెయ్యే. పోగు లేవగానే లాగేయాలనిపిస్తుంది!

ఎందుకు లాగకూడదంటే... ఇప్పుడు బజార్లో దొరికే తివాచీల్లో ఎక్కువ భాగం మిషను సూదులతో గుచ్చినవే. వెనకున్న గుడ్డలోకి ఒకే దారం వరసగా దిగుతూ లేస్తూ ఉచ్చులు ఉచ్చులుగా పోతుంది. వాటిని పట్టి ఉంచేది వెనక పూసిన రబ్బరు పాల జిగురు ఒక్కటే. ఒక ఉచ్చు ఊడితే పక్కది వదులవుతుంది, ఆపైన దాని పక్కది. స్వెటరు అల్లిక విడిపోయినట్టే. అదే ఉచ్చుల తలలు కోసేసిన కుచ్చు తివాచీ అయితే ఈ బాధ లేదు. పైకి పొడుచుకొచ్చిన కుచ్చును పక్కవాటికి సమంగా కత్తెరతో కత్తిరిస్తే సరి. చేతితో ముడివేసి నేసిన ఏలూరు రకం తివాచీల్లో ఏ ముడికి ఆ ముడే కాబట్టి ఒకటి ఊడినా వరసంతా కదిలిపోదు. అయితే కొత్త ముడి వేయడం మాత్రం నేతగాళ్ల పనే.

ఉచ్చుల తివాచీలో పోగు కాస్త లేచిందే తప్ప ఊడి రాలేదా? కత్తెర జోలికి పోవద్దు. క్రోషియా సూదితోనో, మొన అరిగిన దబ్బనంతోనో ఎగస్ట్రా దారాన్ని అటూ ఇటూ ఉన్న ఉచ్చుల్లోకి కొంచెం కొంచెంగా సర్దితే చాలు.

వరసే ఊడొస్తే పని పెద్దది. వేలాడే దారాన్ని తెంపి పారేయకూడదు, మళ్లీ కుదురుకోవాల్సింది అదే. ముందుగా చాలులోని దుమ్ము బ్రష్షుతో తీయాలి. మన సీమ గాలికి అందులో ఇసుక ఉండకుండా ఉండదు. రెండు మూడు అంగుళాల మేర సన్నగా తివాచీ జిగురు పెట్టి, దారాన్ని మొండి సూదితో ఒక్కో ఉచ్చుగా నొక్కుకుంటూ పోవాలి. ఎత్తు పక్క వరసకు సమంగా ఉండాలి. అది కాస్త పట్టాక తర్వాతి మూడంగుళాలు. ఒక్కసారిగా జిగురంతా పూసుకుంటే సగం పని కాకముందే ఆరిపోతుంది. చటుక్కున అతికే గమ్ములు వద్దు, అవి గట్టిపడి కాలికి ముళ్లలా గుచ్చుకుంటాయి. దారం చాలకపోతే సోఫా కింద దాగే అంచు నుంచి నాలుగు పోగులు తీసుకోవచ్చు. ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టనే పెట్టకండి. ప్లాస్టిక్ దారం కరిగి ముద్దవుతుంది.

జంపఖానా సంగతి వేరు. అందులో ఉచ్చులుండవు, పడుగూ పేకా మాత్రమే. పేక పోగు లేస్తే దబ్బనంతో ఆ వదులును వెడల్పంతా పంచేస్తే సరిపోతుంది. పడుగు తెగితే మాత్రం రఫ్ఫు చేసేవాళ్ల దగ్గరికి పోవాల్సిందే. ఈ నేత మనకు పరాయిదేం కాదు. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఆదోనిలో తివాచీలు, పట్టు, నూలు బట్టలు తయారవుతాయని రాసింది. ఆ ఊరు అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. వరంగల్ జంపఖానాలకైతే 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

బాగు చేసి లాభం లేని తివాచీలూ ఉంటాయి. 2009 అక్టోబరు 2న వరద కర్నూలును ముంచెత్తినప్పటిలా రోజుల తరబడి బురద నీళ్లలో నానిపోతే వెనక జిగురు వదిలేస్తుంది, జనపనార గుడ్డ కుళ్లిపోతుంది. తిప్పి చూసి గోటితో గీకితే పొడి రాలుతోందా? ఇక దాని మీద దారం, టైం వృథా చేసుకోవద్దు.

పెళ్లిచూపుల ఇంటి తివాచీకి ఆ గతి పట్టలేదు. రాత్రి పది దాకా జేజి, కోడలు కూర్చుని మూరెడు చాలూ పూడ్చారు. పైన ప్లాస్టిక్ కవరు పరిచి, తేలికపాటి పలక పెట్టి, పిల్లాణ్ని పక్కగదిలో పడుకోబెట్టారు. తెల్లారి వచ్చిన మగపెళ్లివాళ్లలో అబ్బాయి తల్లి సరిగ్గా అక్కడే కూర్చుంది. కాఫీ తాగింది. కిందికి చూడనేలేదు.