కాగితమంత తేడా

ఉద్యోగుల పత్రికలో రైఫిల్ గురించి వ్యాసమేమిటి అనుకోకండి. నేను చెప్పేది ఎయిర్ రైఫిల్ గురించి. స్ప్రింగు బలంతో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ని విసురుతుంది, అంతే. ఆదివారాలు మా మామయ్యగారి మామిడితోటలో, వెనక ఎత్తైన మట్టికట్ట ఉన్నచోట, 20 మీటర్ల దూరాన కాగితపు టార్గెట్ పెట్టి నేనూ మా అబ్బాయీ కాలుస్తుంటాం. పిట్టల జోలికి పోం.

నలభై దాటాక నాకు చత్వారం వచ్చింది. వెనక సైటు, ముందు సైటు, టార్గెట్ ఈ మూడూ కలిపి చూడటం కష్టమైంది. అందుకని స్కోపు కొన్నాను. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో స్కోపులకు అనుమతి లేదు. అక్కడ సన్నని రంధ్రంలోంచి చూసే సైటు వాడతారు. మాది ఆదివారపు సరదా కాబట్టి ఆ నియమాలు మాకు లేవు.

స్కోపు బిగించిన మొదటి వారం బ్రహ్మాండంగా ఉంది. రెండో వారం నుంచి అబ్బాయి గురి చెదరడం మొదలైంది. "ఊపిరి బిగబట్టడం లేదు, ట్రిగ్గర్ గుంజుతున్నావు" అన్నాను. మేనేజ్‌మెంట్ చదివిన బుద్ధి ఊరుకోదు కదా, ఒక నోటుబుక్కు ఇచ్చి ప్రతి షాటుకీ పట్టిక రాయించాను. మూడో ఆదివారం వాడు, "నాన్నా, నాకు చదువుకునేది ఉంది, నేను రాను" అన్నాడు. ఏ పనీ చివరిదాకా చేయవని కూడా అనేశాను.

మర్నాడు భోజన విరామంలో ఈ సంగతి మా శాఖ గార్డు గారితో చెప్పాను. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. అంతా విని, "సార్, అబ్బాయిని కాసేపు వదిలేయండి. మౌంట్ వెనక అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, మీరే ఇరవై షాట్లు కొట్టి చూడండి" అన్నారు. కొట్టాను. మౌంట్ గీతను దాటి మిల్లీమీటరున్నర వెనక్కి జరిగి ఉంది.

మౌంట్ అంటే స్కోపును రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు, దాని రింగులు. నాకు స్కోపుతో పాటు డబ్బాలో ఉచితంగా వచ్చాయి. స్కోపు కొనడానికి నెల రోజులు ఆలోచించిన నేను వాటిని ఒక నిమిషం కూడా పరీక్షగా చూడలేదు. లెక్క చూడండి. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. పట్టు సడలి ఒక చివర 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే అది వెయ్యింట ఒక వంతు వాలు. 20 మీటర్ల దగ్గర అది 2 సెంటీమీటర్లు! 0.1 మిల్లీమీటరు అంటే మనం శాఖలో రోజూ ప్రింటర్‌లో పెట్టే ఎ4 కాగితం మందం. పిల్లాడి ఊపిరితో పనిలేకుండానే గురి తప్పించడానికి ఆ కాగితం చాలు.

వెనక్కే ఎందుకు జరిగింది? మామూలు తుపాకీ పేలినప్పుడు వెనక్కి తంతుంది, స్కోపు ఉన్నచోటే ఉండబోయి రైఫిల్ మీద ముందుకు జారాలని చూస్తుంది. స్ప్రింగు రైఫిల్‌లో రెండు కుదుపులుంటాయి. పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి కదులుతుంది, పిస్టన్ సిలిండర్ చివర ఆగినప్పుడు ఒక్కసారిగా ముందుకు ఉలిక్కిపడుతుంది. ఈ రెండోది మరీ పదునైనది. స్కోపు వెనకబడిపోతుంది. మంచి తుపాకీ స్కోపులు కూడా కొన్ని ఈ ఎదురు కుదుపుకి లోపల దెబ్బతింటాయి. అందుకే కొనేటప్పుడు స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందా అని అడిగి తీసుకోవాలి.

ఈసారి మౌంట్‌ని కొలిచి కొన్నాను. ఎయిర్ రైఫిళ్ల మీద సాధారణంగా 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది. అడ్డంగా కోతలున్న వెడల్పాటి పికటిన్నీ పట్టీ వేరు, దాని మౌంట్ దీనికి సరిపోదు. స్కోపు గొట్టం 25.4 మిల్లీమీటర్లా, 30 మిల్లీమీటర్లా అన్నది రింగులకు కలవాలి. విడివిడి రింగులు మానేసి రెండు రింగులూ ఒకే దిమ్మలో ఉన్నది తీసుకున్నాను. గాడిని ఎక్కువ పొడవునా పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది స్టాప్ పిన్. మౌంట్ అడుగు నుంచి దిగే చిన్న మేకు ఇది, రైఫిల్ పైనున్న రంధ్రంలో కూర్చుని వెనక్కి జారకుండా ఆపుతుంది. మా రైఫిల్‌కి ఆ రంధ్రం మొదటి నుంచీ ఉంది. అదెందుకో నాకు తెలియలేదు, అంతే!

ఎత్తు సంగతి తేలికే. ముందు కటకం బ్యారెల్‌కి తగలనంత ఎత్తు చాలు. అంతకు మించితే చెంప కర్ర మీద ఆనక, తల గాలిలో తేలుతుంది.

బిగించే ముందు బ్యారెల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగు ఎక్కించి లేదని రెండుసార్లు చూసుకోవాలి. మౌంట్‌ని వెనక్కి నెట్టి, పిన్ రంధ్రం అంచుకి ఆనాక బిగించాలి. తర్వాత రింగుల్లో స్కోపును వదులుగా ఉంచి, కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికెత్తి, చెంప సహజంగా ఆనాక కళ్లు తెరవాలి. చుట్టూ నల్లటి నీడ లేకుండా నిండు వలయం కనపడేదాకా స్కోపును ముందుకో వెనక్కో జరపాలి. కంటికీ స్కోపుకీ మధ్య సాధారణంగా 75 నుంచి 100 మిల్లీమీటర్లు వస్తుంది. ఇది కాల్చే మనిషిని బట్టి మారుతుంది. నేను నా మెడకు సరిపెట్టి అబ్బాయికి ఇచ్చాను, వాడు పాపం మెడ సాచి చూశాడు.

ఇక అడ్డగీతలు. గోడకి దారం కట్టి, కింద తాళంచెవుల గుత్తి వేలాడదీశాను. రైఫిల్ నిటారుగా ఉండగా స్కోపులోని నిలువు గీత ఆ దారంతో కలవాలి. వంకరగా ఉంటే పైకి తిప్పిన సర్దుబాటు పక్కకీ లాగుతుంది. రింగుల స్క్రూలు ఒకవైపే బిగించకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. సుమారు 2 న్యూటన్ మీటర్లు చాలు, తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించాలి. బలం ఉంది కదా అని తిప్పితే గొట్టం నొక్కుకుపోతుంది.

పావు నిమిషం క్లిక్కుల స్కోపులో ఒక్కో క్లిక్కు 20 మీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు జరుపుతుంది. మాకు గురి కుదరడానికి పదకొండు క్లిక్కులు పట్టాయి. ఆ తర్వాత ఇరవై షాట్లు కొట్టాను. పెన్సిల్ గీత కదల్లేదు.

ఆ సాయంత్రం అబ్బాయికి మౌంట్ చూపించి, తప్పు నాదేనని చెప్పాను. వాడు పెద్దగా ఏమీ అనలేదు. నోటుబుక్కు తెచ్చి, నేను రాయించిన మూడు ఆదివారాల పట్టికల మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా రాశాడు: "మౌంట్ లోపం. ఎంట్రీలు రద్దు." కింద నా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.