పిల్లలు ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్నారా? బొమ్మల పుస్తకం కొనేముందు ఇవి చూసుకోండి..

అ నుంచి బండి ఱ దాకా అక్షరాలన్నీ గడగడా చెప్పేస్తారు. గుణింతాలూ వచ్చు. కానీ ఓ చిన్న వాక్యం ముందు పెడితే మాత్రం టక్కున ఆగిపోతారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలున్న చాలా ఇళ్లలో కనిపించే సమస్యే ఇది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా పిల్లాడూ అర్థం చేసుకుంటూ చదవాలన్నది కేంద్రం 2021 జులైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ లక్ష్యం. ఎందుకంటే ఆ పై తరగతుల్లో లెక్కల ప్రశ్నైనా, సైన్స్ పాఠమైనా చదివే అర్థం చేసుకోవాలి. అక్షరాలు వచ్చిన పిల్లల్ని వాక్యాల దాకా తీసుకెళ్లేది సులువైన బొమ్మల పుస్తకమే. అయితే రంగురంగుల అట్ట ఉన్న ప్రతి పుస్తకమూ ఇందుకు పనికిరాదు. మరి ఎలా ఎంచుకోవాలి?

ఒత్తులు ఎన్ని ఉన్నాయి?

తెలుగులో కొత్తగా చదివేవాళ్లకు అసలు కష్టం ఒత్తుల దగ్గరే. 'అరణ్యంలో మృగరాజు గర్జించాడు' అనే వాక్యమే తీసుకోండి. మూడు మాటలు, మూడు చోట్లా అడ్డంకే. అదే విషయాన్ని 'అడవిలో సింహం అరిచింది' అని రాస్తే ఒక్క ఒత్తు కూడా లేదు. పైగా అన్నీ పిల్లలు రోజూ వినే మాటలు. చెవికి తెలిసిన మాట అయితే కంటికి త్వరగా దొరుకుతుంది. అలాగని ఒత్తులు అసలే ఉండకూడదని కాదు. అమ్మ, అన్నం, పిల్లి లాంటి మాటలు ఒత్తు ఉన్నా ఇబ్బంది పెట్టవు.

అదే మాట మళ్లీ మళ్లీ..

'పిల్లి ఎక్కడ? మంచం కింద ఉందా? లేదు. పిల్లి ఎక్కడ? తలుపు వెనక ఉందా? లేదు.' పెద్దవాళ్లకు ఇది బోర్ కొట్టొచ్చు. పిల్లలకు మాత్రం ఇదే బలం. రెండు పేజీలు దాటేసరికి 'పిల్లి ఎక్కడ' అనే మాటలు కూడబలుక్కోకుండానే వచ్చేస్తాయి. ప్రతి పేజీలో ఒకటో రెండో కొత్త మాటలుంటే చాలు.

బొమ్మ, అచ్చు ఎలా ఉన్నాయి?

ఏ వాక్యం ఉందో దాని బొమ్మే ఆ పేజీలో ఉండాలి. మాట దగ్గర ఆగిపోతే బొమ్మ సాయం చేస్తుంది. అయితే పిల్లలు బొమ్మ చూసి ఊహించి చెప్పేస్తున్నారేమో కూడా గమనించాలి. డౌట్ వస్తే బొమ్మను చేత్తో మూసి, ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించండి.

అక్షరాలు పెద్దగా, వంకర్లు లేకుండా ఉండాలి. లైన్ల మధ్య ఖాళీ తక్కువైతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుకుంటాయి. ఒకే మాట సగం ఈ లైన్లో, సగం కింది లైన్లో ఉంటే అక్కడే పిల్లలు తడబడతారు.

కొనేముందు చిన్న టెస్ట్

మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. పది మాటల్లో ఒకటి రెండు చోట్ల ఆగితే ఆ పుస్తకం సరిపోయినట్టే. మూడు నాలుగు చోట్ల ఆగితే అది ఇప్పటికి మీరు చదివి వినిపించాల్సిన పుస్తకం. వయసు కాదు, చదివే స్థాయి చూడాలి. మూడో తరగతి పిల్లలకు ఒకటో తరగతి పుస్తకం ఇచ్చినా తప్పేం లేదు.

ఎక్కడ దొరుకుతాయి?

1957లో మొదలైన నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలను తెలుగులోనూ తెస్తోంది. హైదరాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ కూడా పిల్లల కోసం తెలుగు పుస్తకాలు ప్రచురిస్తోంది. కొనలేని వాళ్లకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. ఇందులో తెలుగు కథలు ఫోన్‌లోనే ఫ్రీగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ కూడా తీసుకోవచ్చు. కథలను నాలుగు లెవెల్స్‌గా విడగొట్టారు. కొత్తగా చదివేవాళ్లు ఒకటో లెవెల్‌తో మొదలుపెట్టాలి.

విదేశాల్లో పెరుగుతూ తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని పిల్లలకు రెండు భాషల పుస్తకాలు బాగుంటాయి. కాకపోతే కళ్లు ముందు ఇంగ్లిష్ వైపే వెళ్తాయి. తెలుగు చదివేదాకా ఆ లైన్లను ఓ కాగితంతో మూసి ఉంచండి.

ఈ తప్పులు చేయొద్దు

తప్పు చదివిన వెంటనే మధ్యలో ఆపేయొద్దు. వాక్యం పూర్తయ్యాక ఆ మాటను మీరు ఒకసారి పలికితే చాలు. ముందు మీరు మాటల కింద వేలు పెట్టి చదవండి, తర్వాత వాళ్లతో చదివించండి. రోజుకు పది నిమిషాలు సరిపోతుంది. వీడియోలో కథ దానంతట అదే ముందుకెళ్లిపోతుంది. పుస్తకమైతే పిల్లలు ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుంది. చదివిన పుస్తకమే మళ్లీ కావాలని అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. నిన్న ఆగిన మాట దగ్గర ఈరోజు ఆగకుండా వెళ్లిపోతే, వాళ్లకు చదవడం వస్తున్నట్టే.