నీటి తలుపు, వేగ నియంత్రణము

అరకులోయకు పడమట, తూర్పు కనుమలలో మాచ్‌ఖండ్ నదిపై డుడుమ జలపాతము కలదు. అచ్చట ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల ఉమ్మడి జలవిద్యుత్కేంద్రము 1955లో ఉత్పత్తి ప్రారంభించినది. దాని ఆరు యంత్రముల మొత్తము సామర్థ్యము 120 మెగావాట్లు.

మన దేశమున విద్యుత్ప్రవాహము సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేయవలెను. సాయంకాలము దీపములు వెలుగగానే యంత్రములపై బరువు పెరిగి, వేగము తగ్గును. అప్పుడు గవర్నరు అను సాధనము నీటి తలుపును మరికొంత తెరచును. ఎంత తెరవవలెను? ఎంత త్వరగా తెరవవలెను? నియంత్రణ శాస్త్రమునకు ఇదియే ప్రశ్న.

తలుపునకు రెండు హద్దులు కలవు. పూర్తిగా తెరచిన తరువాత ఇక తెరచుటకు వీలులేదు. త్వరితముగా కదల్చుట ప్రమాదకరము. ఉక్కు గొట్టములో ఒత్తిడి తరంగము సెకనుకు సుమారు 1000 మీటర్లు పోవును. నీటి వేగము హఠాత్తుగా సెకనుకు 1 మీటరు తగ్గినచో, 1000ని 9.8చే భాగింపగా, సుమారు 102 మీటర్ల నీటిమట్టమునకు సమానమైన అదనపు ఒత్తిడి గొట్టముపై పడును. దీనినే జలాఘాత మందురు.

గవర్నరు వేగములోని లోటును బాకీవలె కూడుచుండును. తలుపు పూర్తిగా తెరచియున్నను లోటు తీరనిచో, ఈ లెక్క వృథాగా పెరుగును. తరువాత బరువు తగ్గినపుడు ఆ దొంగ బాకీ తీరువరకు తలుపు మూతపడదు. ఈలోగా యంత్రము హద్దుమీరి తిరుగును. కావున తలుపు హద్దును తాకగానే కూడిక ఆపు ఏర్పాటు అవసరము.

ఈ కూడికలో పాత లోటులన్నిటికి సమానమైన విలువ యుండును. దీనికి బదులు భిన్నక్రమ గణితమును వాడవచ్చును. అర్ధక్రమపు అవకలనమునకు అర్థమేమని 1695లోనే లైబ్నిట్జ్, లోపిటాల్ పండితుల ఉత్తరములలో చర్చ జరిగినది. అర్ధక్రమ సంకలనములో పాత లోటు విలువ, గడచిన కాలపు వర్గమూలమునకు విలోమముగా తగ్గును. 1 సెకను నాటి లోటు విలువ 1 అయినచో, 4 సెకనుల నాటిది సగమే. 1999లో పోడ్లుబ్నీ ఇట్టి నియంత్రణిని ప్రతిపాదించెను. జలటర్బైనుల విషయమునను పరిశోధకులు దీనిని పరిశీలించిరి.

అయినను జ్ఞాపకము మసకబారునే కాని పోదు; కావున హద్దు వద్ద జాగ్రత్త తప్పదు. అంతేకాక వర్షకాలమున జలాశయము నిండును, వేసవిలో మట్టము తగ్గును. బరువు గంటగంటకు మారును. ఒక్క స్థితిలో కుదురుగా నున్న యంత్రము మరియొక స్థితిలో ఊగిసలాడవచ్చును. ఈ మార్పులన్నిటిలోను, తలుపు హద్దులకు లోబడి, వేగమును నిలుపగల నియంత్రణమే దృఢమైనది.

విద్యార్థులు యోచింపవలసిన ప్రశ్న: అర్ధక్రమ సంకలనములో 9 సెకనుల నాటి లోటు విలువ ఎంత?