కొత్తవారికి ఇచ్చే మొదటి జవాబు



మీ అమ్మాయి తొమ్మిదో తరగతి అనుకుందాం. సంక్రాంతి సెలవుల్లో మీతో కలిసి ఆటపాక వెళ్లి గూడబాతులను చూసింది. ఇంటికి రాగానే తెలుగు వికీపీడియాలో కొల్లేరు వ్యాసం తెరిచి నాలుగు వాక్యాలు చేర్చింది. మర్నాడు చూస్తే అవి లేవు. ఎవరో తీసేశారు. "నాకు రాదు" అనుకుని మళ్లీ ఆ పేజీ జోలికి వెళ్లదా, లేక "ఎందుకు తీసేశారండీ?" అని అడిగి, నేర్చుకుని, ఇంకా బాగా రాస్తుందా? తీసేసినవారు ఎలా చెప్పారు, మీ అమ్మాయి ఎలా అడిగింది అనే రెండు విషయాల మీదే చాలావరకు అది ఆధారపడి ఉంటుంది.

అందరూ కలిసి చేసే పని

ఎవరైనా చూడగల, సరిదిద్దగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. మన ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అయిన లినక్స్ అలాంటిదే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టారు. వికీపీడియాను నడిపించే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. అందులో కనిపించే తెలుగు మెనూలను స్వచ్ఛందంగా అనువదించినవారు తెలుగువారే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ రాసేవారిని రమ్మని ఎవరూ ఒత్తిడి చేయరు, మానేస్తే ఎవరూ అడగరు. మళ్లీ రావాలనే ఇష్టమే అక్కడి పెట్టుబడి. ఒక్క కటువైన మాటతో ఆ ఇష్టం పోతుంది.

మాట తీరు చేసే నష్టం

ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవారి సంఖ్య 2007 వరకు పెరుగుతూ వచ్చి, తర్వాత తగ్గడం మొదలైంది. కారణమేమిటని వెతికిన పరిశోధకులు 2013లో ఒక సంగతి బయటపెట్టారు. చెత్త రాతలను అడ్డుకోవడానికి పెట్టుకున్న నియమాలు, ఆటోమేటిక్ ఏర్పాట్లు మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారిని కూడా తిప్పి పంపేస్తున్నాయి. మొదటి ప్రయత్నమే తిరస్కారానికి గురైనవారు మళ్లీ రావడం తగ్గింది.

దీనికి విరుగుడుగా 2012లోనే అక్కడ 'టీహౌస్' అనే పేజీ తెరిచారు. కొత్తవారు ఎంత చిన్న సందేహమైనా అక్కడ అడగవచ్చు. అనుభవజ్ఞులు విసుక్కోకుండా జవాబివ్వాలి. అక్కడికి ఆహ్వానం అందుకున్న కొత్తవారు ఎక్కువ కాలం నిలిచారని తర్వాతి పరిశీలనలో తేలింది.

లినక్స్‌లోనూ ఇదే సమస్య వచ్చింది. తోటివారికి తాను రాసిన పరుషమైన ఈమెయిళ్ల గురించి టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పనికి దూరంగా ఉన్నారు. ఆ సమయంలోనే లినక్స్ బృందం కొత్త ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది. ఎంత ప్రతిభ ఉన్నా మాట తీరు లెక్కలోకి వస్తుందని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అక్కడా ఒక రచ్చబండ

తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు 'రచ్చబండ'. కొత్తగా ఖాతా తెరిచినవారికి వారి చర్చా పేజీలో స్వాగతం పలికే ఆనవాయితీ ఉంది. ఒకరినొకరు 'గారు' అని పిలుచుకుంటారు. అవతల ఉన్నది పదమూడేళ్ల పిల్లాడో, రిటైరైన మాస్టారో తెలియదు కాబట్టి ఆ గౌరవం ఇద్దరికీ సమానంగా అందుతుంది. గోదావరి జిల్లాల మర్యాదలకు అలవాటుపడిన మన పిల్లలకు ఇదేమీ కొత్త కాదు. ఇంట్లో 'అండి' అని పిలిచే పిల్లలు కీబోర్డు ముందు కూడా అలాగే ఉండాలని గుర్తుచేస్తే చాలు.

తీసేశారంటే తిట్టారని కాదు

కొత్తవారి రాతలు తీసేయడానికి తరచూ కనిపించే కారణాలు రెండు. ఒకటి, పత్రికలోనో మరో సైటులోనో ఉన్నది ఉన్నట్టు కాపీ చేయడం. రెండు, ఆధారం చూపకపోవడం. కొల్లేరు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరిందని రాస్తే, ఆ సంగతి ఎక్కడ చదివారో చూపాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు మండలం ఏలూరు జిల్లాలో చేరింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది, జిల్లా కేంద్రం మాత్రం భీమవరానికి మారింది. ఒక విద్యార్థి ఉత్సాహంగా కైకలూరు పేజీలో 'కృష్ణా' అన్న ప్రతిచోటా 'ఏలూరు' అని మార్చాడనుకోండి. పాత చరిత్ర చెప్పే వాక్యాలు కూడా మారి తప్పవుతాయి.

దాన్ని సరిచేసేవారు "తెలియకపోతే ముట్టుకోవద్దు" అనవచ్చు. లేదా "జిల్లా పేరు మార్చినందుకు ధన్యవాదాలండీ. 2022కు ముందు సంగతులు చెప్పే వాక్యాల్లో మాత్రం పాత పేరే ఉంచాను" అనవచ్చు. పని ఒక్కటే. రెండో జవాబు అందుకున్న పిల్లాడు రేపు తన ఊరి పేజీని కూడా సరిచేస్తాడు.

అడగడం కూడా ఒక మర్యాదే

స్వాగతించే బాధ్యత పాతవారిదైతే, సరిగ్గా అడిగే బాధ్యత కొత్తవారిది. "పనిచేయట్లేదు, అర్జంట్, హెల్ప్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షన్ వాడుతున్నాను, ఇప్పటికే ఏమేం ప్రయత్నించాను అనే ఐదు సంగతులు రాస్తే అవతలివారి సమయాన్ని గౌరవించినట్టు. పరిష్కారం దొరికాక ధన్యవాదాలు చెప్పి, అది ఎలా కుదిరిందో కూడా రాయాలి. రేపు అదే చిక్కు వచ్చినవారికి అది దారి చూపుతుంది.

"దీనివల్ల మార్కులొస్తాయా?" అని మీరు అడగవచ్చు. నేరుగా రావు. కానీ రేపు తాడేపల్లిగూడెం నిట్‌లోనో మరో కళాశాలలోనో నలుగురితో కలిసి ప్రాజెక్టు చేసేటప్పుడు సమస్యను స్పష్టంగా చెప్పగలగడం, విమర్శను నొచ్చుకోకుండా తీసుకోగలగడం వారికి పనికొస్తాయి.

ఇంట్లో మీరు చేయగలిగినవి

• ఖాతా మీ సమక్షంలో తెరిపించండి. ఆ పేరులో అసలు పేరు, స్కూలు, ఫోన్ నంబరు ఉండకూడదు. అక్కడ రాసిన ప్రతిదీ పేజీ చరిత్రలో నిలిచిపోతుందని చెప్పండి.

• వికీపీడియాలో ముందు 'ప్రయోగశాల' పేజీలో అభ్యాసం చేయించండి. ఆటపాకలో స్వయంగా తీసిన పక్షి ఫోటో మంచి ప్రారంభం.

• చిన్న పిల్లలైతే 8 నుంచి 16 ఏళ్ల వారి కోసం రూపొందించిన స్క్రాచ్‌తో మొదలుపెట్టండి. ఇతరుల ప్రాజెక్టును మార్చి వాడుకున్నప్పుడు అసలు చేసినవారికి పేరు ఇవ్వడం అక్కడి పద్ధతి.

• నొప్పించే జవాబు వస్తే వెంటనే తిరిగి రాయనివ్వకండి. మర్నాడు మీరూ కలిసి చదివి, "ఇందులో మనం నేర్చుకోవాల్సిందేమైనా ఉందా?" అని అడగండి.

• అపరిచితులు విడిగా మాట్లాడదామన్నా, ఫోన్ నంబరు అడిగినా ముందు మీకు చెప్పాలని గట్టిగా చెప్పండి.

జూన్‌లో కొల్లేటి లంక గ్రామాల నుంచి ఏలూరు వచ్చి చేరిన పిల్లాడు మొదటి రోజు చివరి బెంచీలో కూర్చుంటాడు. టిఫిన్ ఎక్కడ తినాలో, డైరీ ఎలా రాయాలో అతనికి తెలియదు. ఎవరైనా పక్కకు జరిగి "ఇక్కడ కూర్చో" అంటే అతని సంవత్సరమే మారిపోతుంది. తరగతిలో అలా చోటిచ్చే పిల్లలు ఇంటర్నెట్‌లోనూ చోటిస్తారు. ఈ నెల మీ పిల్లలను ఒక్క మాట అడగండి: "మీ తరగతిలో కొత్తగా ఎవరు చేరారు? వాళ్లతో నువ్వు మాట్లాడావా?"